చివరి వరసలో మొదటి బిందె

అనగనగా ఒక ఊరు, ఆ ఊరి పొలిమేర దాటాక ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ. ఇటు తిరిగి పడుకో తల్లీ, నా మీద కాలు వెయ్యకు, చెబుతాను.

ఆ ఫ్యాక్టరీ వెనకాల కూలీలకి మూడు వరసల రేకుల ఇళ్ళు ఉండేవి. పంచాయతీ నీళ్ళు అంత దూరం వచ్చేవి కావు. అందుకని ఓనరే బోరు వేయించి, ట్యాంకు కట్టించి, వరసకో కుళాయి పెట్టించాడు. రాత్రి వాల్వు కట్టేసేవారు, తెల్లారి ఆరింటికి తిప్పేవారు.

చివరి వరసలో దాలమ్మ అని ఒకావిడ ఉండేది. పొద్దస్తమానం జీడిపిక్కలు కొట్టి, ఆ జిడ్డుకి వేళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవి. ఆవిడకి నాలుగేళ్ళ కూతురు, పేరు పైడి. అచ్చం నీలాగే, ఒక్క చోట కుదురుగా ఉండేది కాదు.

ఆ వరసలో ఒక అలవాటు. తెల్లారగానే కుళాయిలో వచ్చేవి ఎవరి చెయ్యీ పడని నీళ్ళు కదా అని, ముందు తలో బిందె తాగడానికి పట్టుకుని మూత పెట్టేసేవారు. ఆ తర్వాత వచ్చేవే స్నానాలకీ, అంట్లకీ. అందరికన్నా ముందు దాలమ్మ బిందె ఉండేది.

అప్పుడేమైందంటే, పైడికి విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గాయి. మళ్ళీ వచ్చాయి. మూడోసారికి పిల్ల కళ్ళు లోపలికి పోయాయి, గంజి కూడా కడుపులో నిలవలేదు. ఆస్పత్రిలో నర్సమ్మ సెలైను పెట్టి, "తాగే నీళ్ళు చూసుకో అమ్మా. ఇంకోసారి ఇలా అయితే పిల్ల తట్టుకోలేదు" అంది. 

అప్పుడు దాలమ్మ ఫ్యాక్టరీ మేనేజరు గవరయ్య దగ్గరికి పోయి, నీళ్ళ మీద అనుమానంగా ఉందని చెప్పింది. ఆయన నవ్వాడు. "మన నీళ్ళలో పప్పు ఇట్టే ఉడుకుతుంది, ఇంతకన్నా మంచినీళ్ళు ఎక్కడుంటాయి? నెలనెలా పరీక్ష చేయిస్తున్నాం, గోడ మీద కాగితం చూసుకో" అన్నాడు.

కాగితం ఉన్న మాట నిజమే. నెలకోసారి పట్నం నుంచి నీళ్ళ పరీక్ష బాబు సీసా పట్టుకుని వచ్చేవాడు. ఆయన్ని ఆఫీసులో కూర్చోబెట్టి, జీడిపప్పు ఉప్మా పెట్టి, ట్యాంకు కిందున్న కుళాయిలో నీళ్ళు పట్టించి పంపేసేవారు. ట్యాంకులో నీళ్ళు బాగానే ఉండేవి మరి. చివరి వరస దాకా ఆయనెందుకొస్తాడు, అక్కడ ఉప్మా లేదు కదా.

ఆ తర్వాత దాలమ్మ తన వరసంతా తిరిగి అడిగింది. పన్నెండిళ్ళలో పదకొండిళ్ళ పిల్లలకి కడుపులు బాగాలేవు. ఒక్క ఆదెమ్మ పిల్లలే ముగ్గురికి ముగ్గురూ గుండ్రాళ్ళలా ఉన్నారు. ఆదెమ్మ బద్ధకస్తురాలని వరసంతా నవ్వేది. అందరి బిందెలూ అయ్యాక లేచి, ఆఖర్న వచ్చే నీళ్ళు పట్టుకునేది.

"వదినా, మనం నవ్వుకున్నాం గానీ, నువ్వు తాగేవే మంచినీళ్ళు" అంది దాలమ్మ.

అప్పుడు గొట్టం వెంబడి నడుచుకుంటూ పోయింది. రెండో వరస దాటాక గొట్టం మురిక్కాలవలో మునిగి ఉంది. అక్కడ పగిలితే ఎవరో సైకిలు ట్యూబు చుట్టి కట్టారు. రాత్రి వాల్వు కట్టేస్తే గొట్టం ఖాళీ అయ్యేది, కాలవ నీళ్ళు అందులోకి దిగేవి. తెల్లారి ముందుగా వచ్చేది ఆ మురుగే. మంచినీళ్ళని మూత పెట్టి దాచి, తన చేత్తో పిల్లకి పోసింది దాన్నే. ఎంత ఏడ్చిందనుకున్నావు? నేనైనా ఏడుద్దును.

ఏడ్చి ఊరుకోలేదు. గవరయ్యతో చెప్పింది. "పని చూసుకుంటావా, పని మానేస్తావా" అన్నాడు. పరీక్ష బాబుతో చెప్పింది. ఆయన గడియారం చూసుకుని, బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. మూడోసారి ఎవరికీ చెప్పలేదు. పరీక్ష బాబు చివరి వరసకి వచ్చినా, వచ్చేది పదకొండింటికి, అప్పటికి మురుగంతా జనం బిందెల్లోకి పోయి కుళాయిలో తేట నీళ్ళు వస్తుంటాయి, అది ఆవిడకి అర్థమైపోయింది. ఆ నెలంతా వరసలో అందరిచేతా నీళ్ళు మరగబెట్టించింది.

ఆ తర్వాత పరీక్ష బాబు వచ్చే రోజు వచ్చింది. ఆరింటికి వాల్వు తిప్పారు. చివరి వరసలో ఒక్కరూ బిందె పెట్టలేదు. దాలమ్మ కుళాయి మూతికి గుడ్డ కట్టి దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పిల్లలకి ముందురోజు మరగబెట్టినవి పోశారు గానీ, పెద్దవాళ్ళు గుక్కెడు కూడా తాగలేదు. పనికీ పోలేదు. ఆ రోజు ఆదెమ్మ కూడా అయిదింటికే లేచిందట.

పిక్కలు కొట్టే మిషన్లు ఆగితే ఓనరు ఊరుకుంటాడా? ఆయనే వచ్చాడు. "లే. లేవకపోతే ఇల్లు ఖాళీ చేయిస్తాను" అన్నాడు.

"చేయించండి బాబూ. ముందు సీసా నిండనివ్వండి" అంది దాలమ్మ.

అప్పుడు పరీక్ష బాబు ఆఫీసు మెట్ల మీంచి చూశాడు. ఎండలో పన్నెండు మంది ఆడవాళ్ళు, పక్కన పన్నెండు ఖాళీ బిందెలు. గవరయ్య ఉప్మా చల్లారిపోతోందన్నాడు. పరీక్ష బాబు సీసా తీసుకుని దిగి వచ్చాడు. దాలమ్మ గుడ్డ విప్పి కుళాయి తిప్పింది. లోతు బిందెల్లో రంగు తెలిసేది కాదు గానీ, ఎండలో సీసాలోకి బూడిద రంగు నీళ్ళు దిగాయి. ఓనరు అటు తిరిగి నిలబడ్డాడు.

నాలుగో రోజుకి కాగితం వచ్చింది, ఈ నీళ్ళు తాగడానికి పనికిరావు, వెంటనే ఆపండి అని. ఓనరు ట్యాంకర్లు తెప్పించాడు, కాలవలోంచి గొట్టం పీకించి గట్టు మీదుగా కొత్తది వేయించాడు. ఇల్లు ఖాళీ చేయించాడా అంటావా? పన్నెండిళ్ళూ చేయిస్తే పిక్కలెవరు కొడతారు, ఆయన కొడతాడా?

అప్పుడు గవరయ్య ఒక కాగితం తెచ్చి, "అంతా బాగుందని వేలిముద్ర వెయ్యి" అన్నాడు.

"వెయ్యను. ఈ కుళాయిలో మొదటి నీళ్ళు పరీక్షకి పోనీ. ఈ నెలే కాదు, ప్రతి నెలా ఇక్కడివే పోవాలి. అది రాసుకురా, వేస్తాను" అంది. రాసుకొచ్చాడు, ఏం చేస్తాడు?

కొత్త కాగితం బాగుందని వచ్చిన రోజు దాలమ్మ ఆ కుళాయి నీళ్ళు గ్లాసుతో పట్టి ముందు తను తాగింది. ఆ తర్వాత పైడికిచ్చింది. పిల్ల గటగటా తాగేసి, మూతి తుడుచుకుని ఆటకి పరిగెత్తింది.  దాలమ్మ మటుకు మూడు రోజులు పిల్ల వెనకే తిరిగింది. పిల్లకి ఏమీ కాలేదు.

కంచి దారి పట్టింది కథ తల్లీ,
మనమేమో ఇల్లు చేరాం మళ్ళీ.
కుళాయి కింద నిండింది బిందె,
కళ్ళు మూసుకో, నిద్రొచ్చేసిందే.