వంకరముక్కుల ఊబి

ఒకప్పుడు ఐర్లండులో ఒక పిట్ట ఉండేది. దాని ముక్కు సూదిలా తిన్నగా ఉండేది. అందరూ దాన్ని సూదిముక్కు అనే పిలిచేవారు. అదీ నీళ్లలో తన ముక్కు చూసుకుని తెగ మురిసిపోయేది.

అది ఉండే చోటంతా ఊబినేల. ఎటు చూసినా బురద, గడ్డి. ఆ నేలకి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

ఊబి అంచున గోబ్నట్ అనే అమ్మాయి తమ్ముడు ఫింటన్‌తో ఉండేది. అక్కడి మట్టిని ఇటుకల్లా కోసి ఎండబెడితే కట్టెల్లా మండుతుంది. గోబ్నట్ మట్టి కోసేటప్పుడు బయటపడ్డ ఎర్రల్ని పక్కన పెట్టేది.

"రా తల్లీ, తిను," అని పిలిచేది. సూదిముక్కు గునగునా వచ్చేది.

ఒకరోజు పట్టపగలే పొగమంచు కమ్మేసింది. మట్టి మోసే గాడిద ఎటో పోయింది. దాన్ని వెతుకుతూ గోబ్నట్ అడుగు తప్పి నడుందాకా ఊబిలో దిగబడిపోయింది.

"ఫింటన్!"

"అక్కా! ఎక్కడున్నావ్?"

"ఇక్కడే!"

"ఇక్కడంటే ఎక్కడ?"

ఏం చెబుతుంది? చెట్టు లేదు, గుట్ట లేదు, ఆ చోటికి పేరూ లేదు. తమ్ముడి గొంతు దూరమైపోతోంది. గోబ్నట్‌కి ఏడుపొచ్చింది.

సూదిముక్కు రివ్వున వచ్చి వాలింది. "కదలకు! కదిలితే ఇంకా లోపలికి పోతావ్."

"గాడిద మెడకి తాడుంది. దాని కొస తెచ్చిపెడతావా, తల్లీ?"

పిట్ట ఎగిరి వెతికింది. కాస్త దూరంలో గట్టి నేల మీద గాడిద గడ్డి మేస్తోంది.

"గోబ్నట్ మునిగిపోతోంది! నేను అరవగానే వెనక్కి లాగు," అంది పిట్ట.

"నేనెప్పుడైనా ఎవరి మాటైనా విన్నానా?" అంది గాడిద. మళ్లీ తనే, "సరేలే, గోబ్నట్ కదా," అని కాళ్లు బిగబట్టి నిలబడింది.

తాడు తడిసి రాయిలా బరువెక్కింది. పిట్ట దాన్ని ముక్కున కరుచుకుని లాగింది. ముక్కు నొప్పెట్టింది. మెల్లగా కిందికి వంగసాగింది.

"వదిలెయ్, నీ ముక్కు విరుగుతుంది!" అని గోబ్నట్ అరిచింది.

పిట్ట వదల్లేదు. ఎలాగో ఈడ్చుకొచ్చి తాడు ఆమె చేతికందించి, "కుర్ర్‌లీ!" అని కేకపెట్టింది. గాడిద లాగింది. గోబ్నట్ గట్టున పడింది. కేక విని పరిగెత్తుకొచ్చిన ఫింటన్ అక్కని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

సూదిముక్కు గుంటనీళ్లలో తన ముక్కు చూసుకుంది. వెంటనే రెక్క కింద దాచేసుకుంది.

"ఈ చోటికో పేరుంటే నేనెప్పుడో వచ్చేవాణ్ణి," అన్నాడు ఫింటన్ కళ్లు తుడుచుకుంటూ.

గోబ్నట్ పిట్టని ఒళ్లోకి తీసుకుని, "ఇవాళ్టినుంచి ఈ చోటి పేరు మోన్ నా గ్రొతఖ్," అంది.

వాళ్ల భాషలో మోన్ అంటే ఊబినేల. క్రొతఖ్ అంటే వంకరది. మొత్తం కలిపితే వంకరముక్కుల ఊబి. మన తల్లిదండ్రుల్లో తండ్రి 'దండ్రి' అయినట్టే, ఆ పేరులో క్రొతఖ్ 'గ్రొతఖ్' అవుతుంది.

"నా వంకర ఊరంతా చెప్పుకోవాలా?" అంది పిట్ట బాధగా.

"చెప్పుకోవాలి. ఎందుకు వంగిందో కూడా చెప్పుకోవాలి," అంది గోబ్నట్.

పిట్ట మెల్లగా ముక్కు బయటికి తీసింది. ఏదీ చూద్దామని బురదలో గుచ్చింది. ఇదివరకు అందని లోతులోంచి ఇంత లావు ఎర్ర వచ్చింది!

"అబ్బో!" అన్నారు అక్కాతమ్ముళ్లు.

తర్వాత దానికి పుట్టిన పిల్లల ముక్కులు కూడా పెరిగేకొద్దీ అలాగే వంగాయి. ఊబికి వెళ్లే ప్రతివాళ్లూ, "మోన్ నా గ్రొతఖ్‌కి వెళ్తున్నాం," అని ఇంట్లో చెప్పి వెళ్లడం మొదలుపెట్టారు.

అప్పటినుంచే ఆ పిట్టని అక్కడివాళ్లు క్రొతఖ్ అని ముద్దుగా పిలుస్తారు. అప్పటినుంచే దాని ముక్కు కొడవలిలా కిందికి వంగి ఉంటుంది.