చెన్నక్క వేసిన దుప్పుల చేను

అనగా అనగా, మన తాతలకు తాతలు కూడా ఉగ్గుపాలు తాగే రోజుల్లో, నల్లగుట్ట అని ఒక కొండ, ఆ కొండ పాదాల దగ్గర కంపలపాడు అని ఒక ఊరు ఉండేవి. ఆ ఊరి చివరి ఇల్లు చెన్నక్కది. ఆ ఇల్లు దాటితే ఇక అడవే.

చెన్నక్క జుట్టు నెరిసింది గానీ నడక నెరవలేదు. మేకపిల్లలా గుట్టలెక్కేది. ఒంటరి మనిషి. తిండికి లోటు లేదు, మాటకు అసలే లోటు లేదు. ఉన్నది ఒక్కటే లోటు. సాయంత్రమయ్యేసరికి గుమ్మంలో కూర్చుని కొండ వైపు చూసేది.

"ఏం చూస్తున్నావు చెన్నక్కా?" అని దారిన పోయేవాళ్లు అడిగితే, "దుప్పులు వస్తాయేమోనని" అనేది.

ఆమె చిన్నతనంలో దుప్పులు మందలు మందలుగా కొండ దిగేవి. సందెవేళ ఎండుటాకుల మీద వాటి గిట్టల చప్పుడు సన్నని వాన మొదలైనట్టు వినబడేది. తర్వాత ఒక పెద్ద కరువు వచ్చింది. గడ్డి మాడింది, చెలమలు ఎండాయి, దుప్పులు అవతలి కొండలకు పోయాయి. కొన్నాళ్లకు వానలు తిరిగొచ్చాయి. దుప్పులు మాత్రం రాలేదు. ఊళ్లో చాలామంది దుప్పిని చూసి ఎరగరు. చూడనిదాని కోసం ఎవరు బెంగపడతారు చెప్పండి? చెన్నక్క చూసింది. అదీ ఆమె కష్టం.

ఒక ఏడు వానాకాలంలో, కట్టెలకు పోయినవాళ్లు అవతలి కొండ అంచున దుప్పుల అడుగులు చూశామని చెప్పారు. చెన్నక్క ఆ మాట రెండుసార్లు చెప్పించుకుని వింది. చలికాలంలో కొండ మీద గడ్డి ఎండిపోతుంది కదా, అప్పుడు ఇటు పక్క పచ్చగా ఏదైనా కనబడితే దిగి రావా అనుకుంది. అనుకున్నదే తడవు, అడవిని ఆనుకున్న తన చెలక దున్నింది. ఉన్న నేలలో అదే మంచి నేల. అందులో అలసందలు, ఉలవలు చల్లింది. చుట్టూ సజ్జలు వేసింది. కొండకు దణ్ణం పెట్టి, "ఇది నీ బిడ్డలకు. నేను కొడవలి పెట్టను" అని చెప్పుకుంది.

పక్క పొలం మద్దిలేటిది. మద్దిలేటి నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది, అతని ఆవుల మంద ఆ రెండింటికంటే పెద్దది. ఆ మందకు పెత్తందారు బొల్లావు. నుదుట తెల్లమచ్చ, మెడలో కంచుగంట. అది ఎటు నడిస్తే మంద అటు నడిచేది.

పైరు మోకాలెత్తు ఎదిగింది. ఒక పొద్దున చెన్నక్క పాలు కాచుకుంటూ ఉంటే చేను వైపు నుంచి గంట గణగణమంది. పరుగెత్తి చూస్తే ఏముంది, మంద మందంతా చేలోనే ఉంది. బొల్లావు నోటికి రెండు పక్కలా అలసంద తీగలు మీసాల్లా వేలాడుతున్నాయి. చెన్నక్క గొడ్లను తోలేసి, నేరుగా మద్దిలేటి ఇంటికి పోయింది. అతను పంచలో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు.

"మద్దిలేటీ, నీ గొడ్లు నా చేను మేశాయి."

"ఏ చేను అక్కా?"

"దుప్పులకు వేసిన చేను."

మద్దిలేటి మంచం కిరకిరలాడేట్టు నవ్వాడు. "కోయని చేనుకు కాపలా ఏంది? మన ఊరి కట్టుబాటు నీకు నేను చెప్పాలా?"

ఆ కట్టుబాటు ఏమిటంటే, కోతకు వచ్చే చేలో ఎవరి గొడ్డు దిగినా దాన్ని బందెలదొడ్డిలో కట్టేయవచ్చు. గొడ్డు ఆసామి తానే నడిచొచ్చి, పదిమందిలో తప్పయిందని చెప్పి విడిపించుకోవాలి. కొడవలి పని లేని నేల మాత్రం ఊరి గొడ్లన్నిటిదీ. కోతలయ్యాక మోడుల్లో మేసుకోవడానికి పెద్దలు చేసిన ఏర్పాటది. దుప్పుల కోసం పంట వేసే మనిషి ఒకతె పుడుతుందని వాళ్లు కలగన్నారా పాపం?

చెన్నక్క తిరిగొచ్చి మళ్లీ విత్తనం చల్లింది. ఈసారి రేగుకంప కొట్టి చేను చుట్టూ కంచె వేసింది. చేతులు గీరుకుపోయాయి, రవిక చిరిగింది. "ఇక రండి చూద్దాం" అనుకుంది. బొల్లావు వచ్చింది. కంపను కొమ్ములతో ఎత్తి, అత్తగారు దుప్పటి దులిపినట్టు దులిపి పక్కన పడేసింది. వెనకాలే మంద దిగింది.

అప్పుడు చెన్నక్క ఊరి చావడికి పోయి పెద్దకాపుతో మొర పెట్టుకుంది. మద్దిలేటి బండి కట్టించుకుని వచ్చాడు. బండి దిగకుండానే మాట్లాడాడు.

"పంట ఎవరిది?" అని అడిగాడు పెద్దకాపు.

"దుప్పులది."

"అవి ఎక్కడున్నాయి?"

"అవతలి కొండన."

"అయితే వాటినే వచ్చి మొర పెట్టుకోమను పెద్దకాపూ" అన్నాడు మద్దిలేటి బండిలోంచి. "కొమ్ములున్నాయని మనమేం భయపడంలే."

చావడి అంతా గొల్లున నవ్వింది. పెద్దకాపు మంచివాడు. చెన్నక్క ముఖం చూసి జాలిపడి, దగ్గరకు వంగి మెల్లగా అన్నాడు. "చలి తగ్గాక కోసుకుంటానని ఒక్క మాట అను తల్లీ. రేపే ఆ గొడ్లు బందెలదొడ్డిలో ఉంటాయి. తర్వాత కోశావో లేదో ఎవరొచ్చి చూస్తారు?"

ఒక్క మాట. ఆ మాట అంటే చేను దక్కుతుంది. చేను దక్కితే దుప్పులొస్తాయి. చెన్నక్కకు ఆ గిట్టల చప్పుడు చెవిలో వినబడినట్టే అయింది. నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది.

"కోయను పెద్దకాపూ. కోయనని కొండతో చెప్పాను. ఇప్పుడు మీతో కోస్తానంటే, ఆ మూగజీవాలు నన్ను ఏమని నమ్మి దిగొస్తాయి?"

చావడి మళ్లీ నవ్వింది. మద్దిలేటి మాత్రం ఈసారి నవ్వలేదు. బండి తిప్పించుకుని వెళ్లిపోయాడు.

చెన్నక్క విత్తనాల కుండ అడుగు గీకితే ఇంకొక్క తడవకు సరిపడా గింజ దొరికింది. అదీ చల్లేసింది. ఈసారి పోతే ఇక గింజ లేదు. చలి ముదిరేలోగా పైరు నిలబడకపోతే దుప్పులు ఇంకో దిక్కు చూసుకుంటాయి. ఇంత దగ్గరకు వచ్చి వెళ్లిపోతాయేమోనని ఆమెకు అన్నం సహించేది కాదు.

మొలకలు లేచి, తీగ సాగే వేళకు మళ్లీ గంట మోగింది. చెన్నక్క కర్ర పట్టుకుని దూసుకుపోయి, బొల్లావు మెడపలుపు దొరకబుచ్చుకుంది. కర్ర ఎత్తింది.

"కొట్టు చెన్నక్కా" అంది బొల్లావు. "కొట్టినా రేపు వస్తాం."

ఆవు మాట్లాడడమేమిటని అడక్కండి. కడుపులో బాధ ఉంటే ఆ కాలంలో ఎవరైనా మాట్లాడేవారు.

"వాగు గట్టున కావలసినంత గడ్డి ఉందిగదే. నా చేను మీదే పడతారేం?"

"ఉంది. తోలుకుపోయేదెవరు? మమ్మల్ని కాసే మనిషి వానలు పడగానే పొరుగూరు పోయాడు. మా ఆసామి తన కాళ్ల మీద నడిచి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా? మోకాలు గుమ్మడికాయంత అయింది. కూర్చున్నచోటి నుంచే దొడ్డి గడియ తాడుతో లాగి మమ్మల్ని వదులుతాడు. ఇంటి పక్కన మాకు కనబడే పచ్చన ఇదొక్కటే. నన్ను తర్వాత కొడుదువుగానీ, ముందు వచ్చి ఆ మోకాలు చూడు."

చెన్నక్క కర్ర దించింది. మంద వెంట నడిచి మద్దిలేటి ఇంటికి పోయింది.

"మళ్లీ వచ్చావా అక్కా? దుప్పులేవీ, వెంట రాలేదా?" అని అతను దూరం నుంచే గొంతెత్తాడు.

"ఆ దుప్పటి పక్కకు తియ్యి. మోకాలు చూడాలి."

మద్దిలేటి గొంతు పడిపోయింది. "ఎవరు చెప్పారు?"

"నీ ఆవు."

"దానికి నోరెక్కువ."

"నీ ఇంట్లో పెరిగింది, ఎక్కువ కాక ఏమవుతుంది?"

అతను దుప్పటి పక్కకు తీశాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు. "మద్దిలేటి కుంటివాడయ్యాడని ఊరు అనుకోవడం కంటే, పొగరుబోతని అనుకోవడమే నయమనిపించిందక్కా. ఆ రోజు చావడిలో నువ్వొక్క మాట అనుంటే, గొడ్లను విడిపించుకోవడానికి అందరి ముందూ దేకుతూ రావాల్సి ఉండేది. బండిలో నీ నోటి వైపే చూస్తూ కూర్చున్నాను. నువ్వు అనలేదు."

చెన్నక్క మంచం పట్టె మీద కూర్చుంది. "నేను నడవగలను. నువ్వు కూర్చోగలవు. నడిచే పని నాకివ్వు, కూర్చునే పని నువ్వు తీసుకో."

మర్నాడే చేను పక్కన మోకాలికి కష్టం లేకుండా పొట్టి మంచె వేశారు. చెన్నక్క ఆవులను వాగుకు తోలుకుపోయేది. మద్దిలేటి మంచె మీద కూర్చుని, ఊరి గొడ్లు ఇటు చూస్తే చాలు ఒక్క కేక పెట్టేవాడు. ఆ కేకకు గొడ్లేమిటి, గొడ్లను కాసేవాళ్లు కూడా దారి మళ్లేవారు. చెన్నక్క మూలికల కట్టు కట్టేది, మోకాలి వాపు కాస్త తీసింది. పైరు నిలబడింది, పూత పూసింది.

రోజంతా కొండకు ఎదురుగా కూర్చుంటే ఏమవుతుంది? మద్దిలేటి ఒక సాయంత్రం అడిగాడు. "ఎట్లుంటాయక్కా అవి?"

"ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలుగా పడుతుందా? ఆ చుక్కలు ఒంటి మీదే ఉండిపోయినట్టు ఉంటాయి."

ఆ రాత్రి నుంచి అతనికీ నిద్ర తగ్గింది. బెంగ కూడా గజ్జిలాగా అంటుకుంటుంది. సందె వాలితే ఇక కేకలు లేవు. కొండనే చూస్తూ కూర్చునేవాడు.

చలి ముదిరింది. ఒక సాయంత్రం చెన్నక్క మందను తోలుకొస్తుంటే మద్దిలేటి మంచె మీంచి చేయెత్తి ఆగమన్నాడు. బొల్లావు గంట మోగకుండా మెడ బిగబట్టి నిలబడింది. చెన్నక్క మునివేళ్ల మీద వచ్చేసరికి అడవి అంచున కొమ్మ ఒకటి కదిలి ఆగింది. అంతే.

"ఇప్పుడే పోయాయి" అన్నాడు మద్దిలేటి గుసగుసగా. "మూడు."

చెన్నక్క చేలోకి దిగింది. కొరికిన తీగ తడి ఇంకా ఆరలేదు. మెత్తటి మట్టిలో గిట్టల అచ్చులున్నాయి. ఒక అచ్చు మీద అరచేయి ఆనించి చాలాసేపు అలాగే కూర్చుంది.

"చెప్పు మద్దిలేటీ."

"చెప్పాను కదక్కా."

"మళ్లీ చెప్పు."

మద్దిలేటి కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు చూడాల్సింది నేను చూశాను" అన్నాడు.

"రేపటి నుంచి నువ్వూ ఇక్కడే కూర్చో చెన్నక్కా" అంది బొల్లావు వెనక నుంచి. "వాగు దారి మాకు తెలిసిపోయింది. మందను నేను తోలుకుపోయి తోలుకొస్తాను. కడుపు నిండే చోటు తెలిశాక మీ చేను ఎవరిక్కావాలి? అయినా చెబుతున్నాను, నీ అలసంద తీగ కాస్త వగరు."

మర్నాడు ఇద్దరూ మంచె మీద కూర్చున్నారు. ఏదీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో సందెవేళ, ఎండుటాకుల మీద సన్నని వాన మొదలైంది. ఆకాశంలో మబ్బు లేదు. ముందు కొమ్ములు కనబడ్డాయి, తర్వాత ఒక పెంటి దుప్పి, దాని పొట్ట చాటున ఒక కూన. కూన తలెత్తి మంచె వైపు చూసింది. పెంటి మేస్తూనే ఉంది. అది చూసి కూన కూడా తల దించి మేసింది.

చెన్నక్క పక్కకు చూడకుండానే మద్దిలేటి చేయి వెతికి గట్టిగా పట్టుకుంది.

చూశాక ఆమె బెంగ తీరిందా అని అడుగుతారేమో. ఎక్కడ తీరింది? దుప్పులు కొండెక్కగానే మళ్లీ మొదలైంది, రేపు వస్తాయో రావో అని. కాకపోతే ఇన్నేళ్లూ ఒక్కతే పడ్డ బెంగ, ఇప్పుడు పంచుకోవడానికి పక్కన ఇంకో మనిషి ఉన్నాడు.

అందుకే పిల్లలూ, అబద్ధమాడి గెలిచిన తీర్పు కంటే, నిజం చెప్పి సంపాదించుకున్న పొరుగువాడే చేనుకు గట్టి కంచె.