రాకుమారుడి మీద ఎవరి వేలిముద్ర?

అనగనగా ఒక రాజు. ఆయన ఏలే ఊరి పేరు మట్టిపూడి. ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది. కుండ చేసిన కుమ్మరి దాని అడుగున తన బొటనవేలు నొక్కాలి. కుండ కారిందా, ఆ వేలు ఎవరిదో వాళ్లు మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవాలి. కుండకే అంత న్యాయం ఉన్న ఊళ్లో ఏం జరిగిందో వినండి పిల్లలూ. నాకైతే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

రాజు పేరు ఉదగ్రసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భీమకేతు ఏనుగును ఎత్తేవాడు. నడిమివాడు చిత్రకేతు పుట్టిన్నాటి నుంచి కన్ను మూయకుండా కోట కాసేవాడు. చిన్నవాడు మణికేతుకు నొప్పి తెలియదు, కత్తి దిగినా నవ్వేవాడు. "కంటే ఇలాంటి కొడుకుల్ని కనాలి" అని ఊరంతా మురిసిపోయింది.

మురిపెం ఎన్నాళ్లు? పెద్దవాడి బలం ముదిరి ముదిరి ఒళ్లు రాయి కావడం మొదలైంది. పాదాలు రాయి అయ్యాయి, మోకాళ్లు రాయి అయ్యాయి, నడుమూ రాయి అయింది. గుండె దాకా వస్తే ఇంకేముంది! నడిమివాడికి మతి చెదిరి, "ఒక్క కునుకు ఇప్పించండి" అని కనిపించినవాళ్ల కాళ్లు పట్టుకునేవాడు.

"ఏడు సముద్రాల అవతల కంకాళుడనే మాంత్రికుడున్నాడు. మందు వాడికే తెలుసు," అన్నాడు రాజు తల వంచుకుని. తల ఎందుకు వంచుకున్నాడో మణికేతు అడగలేదు. అన్నల కోసం వెంటనే బయలుదేరాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, ఏడూ దాటాడు. ఒక దీవిలో దిగి నడుస్తుంటే మేక ఎదురొచ్చింది. మేకే, కానీ తోక చేపది!

"నిన్నూ కంకాళుడే చేశాడా నాయనా?" అంది మేక.

"ఛీ! నేను రాజుగారి కొడుకుని."

"అయితే కిందికి చూడు."

చూశాడు. అరికాళ్ల నిండా ముళ్లు. వచ్చిన దారంతా నెత్తురు. వాడికి తెలియనే లేదు!

"వాడి చెయ్యి పడని ప్రాణి మొదటి ముల్లుకే కుంటుతుంది. మీ నాన్న ఇక్కడికి మూడుసార్లు రావడం నా కళ్లతో చూశాను. ఒక కొడుక్కి బలం కావాలన్నాడు, ఒకడికి మెలకువ కావాలన్నాడు, ఒకడికి నొప్పి వద్దన్నాడు. కడుపులో విత్తును మార్చే పసరు పట్టుకెళ్లి మీ అమ్మకు తాగించాడు."

కన్నతండ్రే! నొప్పి తెలియనివాడికి గుండెలో ఏదో కలుక్కుమంది. దాన్నేమంటారో వాడికి తెలియలేదు.

మేక వాణ్ని గుహలోకి తీసుకెళ్లింది. అక్కడ నిప్పుల గుండం, గుండం మధ్య పంజరం, పంజరంలో చిలక, చిలకలో మాంత్రికుడి ప్రాణం. ఆ నిప్పుల్లో చెయ్యి పెట్టగలవాడు పుట్టడని కంకాళుడి ధీమా. అలాంటివాణ్ని తానే పుట్టించిన సంగతి మరిచిపోయాడు! మణికేతు చెయ్యి పెట్టి చిలకను పట్టేశాడు.

కంకాళుడు పరిగెత్తుకొచ్చాడు. "దాని మెడ నులమకు బాబూ!"

"నులమను. నువ్వు హాయిగా చస్తే మా అన్నల్ని ఎవరు చూస్తారు? పద మా ఊరికి."

కొలువులో మాంత్రికుణ్ని నిలబెట్టారు. "అడిగింది మీ రాజు. అడిగినట్టే చేశాను," అన్నాడు వాడు.

"నాకు మంత్రాలొచ్చా? చేసింది వీడు," అన్నాడు రాజు.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. మేమేం చేసుకున్నాం నాన్నగారూ?" అని మణికేతు కాలిన చెయ్యి చాపాడు. "కుండకైనా వేలిముద్ర ఉంటుంది. నా మీద ఎవరిది?"

అప్పుడు కోటకు కుండలు తెచ్చిన కుమ్మరి పిల్ల చెంగల్వ ముందుకొచ్చింది.

"ఏలినవారు మన్నించాలి. అంగట్లో అమ్మే కుండకు మా వేలొక్కటే. కోరి చేయించుకున్న కుండకు చేయించినవాడి వేలూ పక్కనే పడాలి. కారుతుంటే ఇద్దరూ చెయ్యి అడ్డం పెట్టాలి. వాదులాడుకుంటూ కూర్చుంటే గంజి నేలపాలు," అని తడిమట్టి ముద్ద ముందు పెట్టింది.

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి వేలు నొక్కాడు. మణికేతు భుజం మీది చిలకను చూస్తూ మాంత్రికుడూ నొక్కాడు.

ఏడాదిపాటు కంకాళుడు విరుగుడు నూరాడు. నడిమివాడికి నిద్రొచ్చింది, మూడు రోజులు గురకపెట్టాడు. పెద్దవాడి ఒంట్లో రాయి నడుము దగ్గర ఆగింది కానీ కరగలేదు. మణికేతుకు నొప్పి రానేలేదు. "కాల్చిన కుండను మళ్లీ మట్టి చెయ్యలేను," అని మాంత్రికుడు ఏడ్చాడు. ముసలిరాజు పెద్దకొడుకును బండిలో కూర్చోబెట్టి, బతికినన్నాళ్లూ తానే లాగాడు.

మణికేతు రాజై చెంగల్వను పెళ్లాడాడు. దీవి నుంచి వెంట వచ్చిన మేకే పెళ్లిపెద్ద. ఆడపిల్ల పుట్టింది. "నా తెగులు దీనికీ వస్తుందా?" అని మణికేతు మాంత్రికుణ్ని అడిగాడు.

"తెలియదు బాబూ," అన్నాడు వాడు. చేసినవాడికే తెలియదట! విన్నారా?

పాపకు చెవులు కుట్టే రోజు వచ్చింది. కొలువంతా ఊపిరి బిగబట్టింది. కంసాలి బంగారు తీగ గుచ్చాడు.

పిల్ల కోట అదిరేలా కెవ్వుమంది.

మణికేతు కొలువు మధ్యలో గంతులేశాడు. బండి దగ్గర ముసలిరాజు తన బొటనవేలు చూసుకుంటూ భోరుమన్నాడు. ఆపైన మణికేతు నూరేళ్లు చల్లగా ఏలాడు. ఆ నూరేళ్లలో విన్న మేళాలన్నింటిలోకీ ఆయనకు ఆ పాప ఏడుపే ఇష్టమట.