అరవని కుక్క కావలెను

కొల్లేటి పక్క ఒక చేపల చెరువు గట్టు మీద దమయంతమ్మ అనే బాతు కాపురం ఉండేది. జాతికి బాతే అయినా కొడుక్కి రాజహంస అనీ, కూతురికి కలహంస అనీ పేర్లు పెట్టుకుంది. పేర్లు పెట్టడంతోనే పెంపకం అయిపోయిందనుకుంది. వయసొచ్చిన ఆ పిల్లలిద్దరూ తెల్లారింది మొదలు గట్టంచున కూర్చుని నీళ్ళలో తమ మొహాలు తామే చూసుకునేవారు. "అమ్మా, నా ముక్కు ఈ పక్కనుంచి బాగుందా, ఆ పక్కనుంచా?" అదే చదువు, అదే సంధ్య.

ఆ యేడు ఒక బావురుపిల్లి గట్టు మీది గూళ్ళన్నీ ఊడ్చేస్తోంది. దమయంతమ్మ గూట్లో పొదుగుతున్న గుడ్లున్నాయి. "ఒక కుక్కని పెంచుకుందామే," అన్నాడు మొగుడు గంగరాజు. పిల్లలు ఎగిరి గంతేశారు. "మేం చూసుకుంటాం! ఒట్టు! నువ్వు రెక్క కదపక్కర్లేదమ్మా!"

పెళ్ళిళ్ళకి పేరయ్య ఉన్నట్టే ఆ గట్టుకి కుక్కల పేరయ్య ఒకడున్నాడు. నక్క. వాడు తెచ్చిన మొదటి సంబంధం మిరియం. పొట్టిగా, నల్లగా ఉండే నాటుకుక్క. మామిడితోట కాపలావాళ్ళు కాపు అయిపోగానే మూటలు కట్టుకుని దాన్ని వదిలేసి పోయారు. వానలు దిగేలోగా ఒక పంచ దొరికితే చాలనుకుంటూ వచ్చింది.

తామరాకు పరిచి కూర్చోబెట్టారు. అచ్చం పెళ్ళిచూపులే.

"జుట్టు రాలుతుందా?" దమయంతమ్మ మొదలుపెట్టింది.

"ఎండాకాలం రాలుతుందండీ. దువ్వితే తగ్గుతుంది."

ఎవరు దువ్వాలి? తల్లి పిల్లల వైపు చూసింది. పిల్లలు నీళ్ళ వైపు చూశారు.

"తిండి?"

"రెండు పూటలా ఇంత చేపముక్క."

"తిప్పాలా?"

"పొద్దున్నా సాయంత్రం గట్టెంట నాతో ఎవరైనా నడిస్తే చాలండీ. ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో నాకూ తెలుస్తుంది."

"పొద్దున్నా?" రాజహంస గుండె పట్టుకున్నాడు. "సూర్యుడు రాకముందే వస్తుందే, ఆ పొద్దున్నా?"

"అరుస్తావా?" దమయంతమ్మ గొంతు తగ్గించి అడిగింది, ఏదో రోగం ఉందా అన్నట్టు.

"దొంగొస్తే అరుస్తాను."

"మెల్లిగా అరవలేవూ? పిల్లలకి తలనొప్పి."

"దొంగ చెప్పి వస్తానంటే నేనూ మెల్లిగానే అరుస్తానండీ."

నక్క దగ్గాడు. "నోరు చూశారా అక్కగారూ!"

"చూశాను తమ్ముడూ. మాకు పొట్టిదే కావాలి గానీ పని పెట్టనిది కావాలి. అరవకూడదు, అడగకూడదు, రాలకూడదు. ఇంట్లో ఉందో లేదో తెలియకూడదు."

మిరియం నాలుక ఊరుకోలేదు. "దానికి కుక్కెందుకండీ? ఒక రాయి తెచ్చి పెట్టుకోండి."

"కబురు చేస్తాంలే," అంది దమయంతమ్మ. ఆ మాటకి అర్థమేమిటో సంబంధాలు చూసిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు.

మిరియం గట్టు దిగి తుమ్మచెట్టు కింద కూలబడింది. ఎటు పోవాలో తోచలేదు. అది లేచేలోగానే నక్క రెండో సంబంధం తెచ్చేశాడు. మెడకి ఎర్ర రిబ్బను, పొడుగు మూతి, గుబురు తోక.

"వీడు బంటీ. చూశారా, ఎంత పొట్టో! కుక్కలకి దూరపు చుట్టం. అరవమన్నా అరవడు. తిండి మిమ్మల్ని అడగడు, తనే చూసుకుంటాడు. తిప్పక్కర్లేదు, తనే తిరుగుతాడు."

"అబ్బ, ఎంత పద్ధతో! ఏ జాతి?"

"మా జాతే అనుకోండి."

"పెద్దింటి బిడ్డే అన్నమాట!" మురిసిపోయింది దమయంతమ్మ.

మిరియం ఒక్క ఉరుకున గట్టెక్కింది. "అమ్మగారూ, ఆ తోక చూడండి! ఆ మూతి చూడండి! అది నక్కపిల్లండీ!"

"నీకు సంబంధం తప్పిందని ఏడుపు," అంది కలహంస, నీళ్ళలోంచి మొహం తిప్పకుండానే. "ఎంత క్యూట్‌గా ఉన్నాడో!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మిరియం వెనక్కి తిరిగింది. ఎదురు గట్టు మీద సీతాలు అనే ముసలి పెద్దబాతు దాన్ని కేకేసి పిలిచింది. "ఇటు రావే. నాకూ మోకాళ్ళు పట్టేస్తున్నాయి. నీతో పాటు నేనూ నడుస్తాను. నువ్వు అరిస్తే నేనూ అరుస్తాను, నా గొంతేం తక్కువా?"

ఇవతల దమయంతమ్మ చుట్టుపక్కలందరికీ చాటింపు వేసింది. "కుక్కంటే మాదే! చప్పుడు లేదు, వాసన లేదు. బావురుపిల్లి కూడా ఇటు రావడం మానేసిందంటే చూసుకోండి!" మానేయదా మరి, తన వాటా ఇంకొకడు ముందే రాయించుకున్నాక!

ఒక మిట్టమధ్యాహ్నం గూడు బంటీకి అప్పగించి ఇంటిల్లిపాదీ నీళ్ళలోకి దిగారు. తిరిగొచ్చేసరికి గూట్లో పెంకులు. కంచే చేను మేసింది. దమయంతమ్మ పెట్టిన కేకకి మిరియం ఎదురు గట్టు నుంచి గొంతు చించుకుంటూ వచ్చి పడింది. బంటీ రిబ్బను తుమ్మముళ్ళకి వదిలేసి, కాలువ దూకి మేనమామ నక్క పక్కన చేరాడు.

"ద్రోహీ!" గంగరాజు ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "మోసం చేస్తావా?"

నక్క అవతలి ఒడ్డున తీరిగ్గా మూతి నాక్కున్నాడు. "ఏది మోసం బావగారూ? అరవడన్నాను. అరిచాడా?"

"లేదు."

"తిండి మిమ్మల్ని అడగడన్నాను. అడిగాడా? తనే చూసుకున్నాడు. మా జాతే అని మొహం మీదే చెప్పాను. రాలకూడదన్నారు, ఉందో లేదో తెలియకూడదన్నారు. గుడ్లు కాయాలి అని ఒక్కరైనా అన్నారా? గుర్తు చేసుకోండి."

గంగరాజు పెళ్ళాం వంక చూశాడు. పెళ్ళాం పిల్లల వంక చూసింది. ఎవరికీ గుర్తుకు రాలేదు, అనలేదు కాబట్టి. నక్క మేనల్లుడి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

తుంగలోకి దొర్లిపోయిన గుడ్డు ఒక్కటి మిగిలింది. దమయంతమ్మ దాన్ని రెక్క కింద పెట్టుకుని వలవలా ఏడ్చింది. "మిరియం తల్లీ, మా ఇంటికి వచ్చెయ్యవే. ఎంతైనా అరుచుకో."

"నాకూ నాలుగు అడగాలనుందండీ," అంది మిరియం. "మీ పిల్లలు పొద్దున్నే లేస్తారా?"

"రేపట్నుంచి లేస్తాంలే," అన్నాడు రాజహంస.

"నాతో నడుస్తారా?"

"కాళ్ళకి మట్టి అంటదూ?" అంది కలహంస.

"ఆ గుడ్డు తెచ్చి సీతాలమ్మ గూట్లో పెట్టండి. అక్కడ కాస్తాను, దాని తప్పేం లేదు. మీ ఇల్లు మాత్రం నాకు కుదరదమ్మగారూ," అంటూ మిరియం తోక దులుపుకుంది. "మీ జాతికి చేసే చాకిరీ ఎక్కువ."

నీతి: పెంచే ఓపిక లేనివాడికి పని పెట్టని కాపలా దొరికిందంటే, ఆ కాపలా దొంగే కాస్తున్నాడని అర్థం.