ఖాళీగా మిగిలిన అర

గుట్ట కింద గొర్రెల దొడ్డి. దాన్ని ఆనుకుని పొడవాటి కొట్టం, అందులో వరసగా గొర్రెకొకటి చొప్పున అరలు. పొద్దు వాలితే గొర్రెల్ని అరల్లోకి తోలడం కుక్క భైరిగాడి పని. దొడ్డిలో ఎన్ని ఉన్నాయో ముందు లెక్క చూసుకుని, అన్నే అరల తడికలు తెరిచిపెట్టి, ఆనక తోలేవాడు.

ఆ సాయంత్రం తోలుతుండగా దొడ్డి చుట్టూ వేసిన ముళ్ళకంప అవతల తుమ్మకాయలు గలగలా రాలాయి. ఓ గొర్రె ఆశపడి కంప సందులోంచి బయటికి దూరింది. భైరిగాడు చూడలేదు. చివరి అర తెరిచింది తెరిచినట్టే, ఖాళీగా ఉండిపోయింది.

తెల్లారేసరికి బయటికి దూరిన గొర్రె తిరిగొచ్చింది గానీ, ఆ ఖాళీ అర పక్కనున్న గొర్రె పుల్లమ్మ పిల్ల లేదు. రెండు అరల మధ్య అడ్డుతడిక కింద గుంత, గుంత చుట్టూ నక్క గుర్నాథం అడుగులు.

"పక్కన ఎవరో ఊపిరి తీస్తుంటే మనవాళ్ళే అనుకుని పడుకున్నాను, భైరన్నా," అంది పుల్లమ్మ.

భైరిగాడు గుంత వాసన చూశాడు. "లెక్క సరిగ్గానే చూశానే!"

"నువ్వు చూసినప్పుడు సరిగ్గానే ఉంది. తోలేలోపు ఒకటి బయటికి దూరి లెక్క మారిపోయింది. ఆ కాయలు రాల్చిందీ ఆ గుర్నాథమే."

"ఇక ముందుగా తెరవను. గొర్రె గుమ్మం దగ్గరికొచ్చాకే తడిక తీస్తా, లోపలికెళ్ళగానే మూసేస్తా."

"నోటిమాట నేను నమ్మను. నువ్వు తోలు, మేమే లోపలికీ బయటికీ దూకుతాం. ఏమవుతుందో ఇప్పుడే చూద్దాం."

పట్టపగలే పరీక్ష పెట్టారు. గొర్రెలు ఇష్టమొచ్చినట్టు దూకాయి. కంగారులో భైరిగాడు పాత అలవాటు కొద్దీ ఓ తడిక ముందే తీసేశాడు.

"అదిగో! నక్క దూరినట్టే!" అని అరిచింది పుల్లమ్మ.

భైరిగాడు ఆ తడిక మూశాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి గొర్రెలు తగ్గినా, అనుకోకుండా పెరిగినా, వచ్చినదానికే తడిక తీశాడు. ఖాళీ అర ఒక్కటీ తెరిచి లేదు.

మసకచీకటి పడింది. కంప అవతల కాయలు రాలాయి. ఓ గొర్రె బయటికి దూరనే దూరింది. భైరిగాడు మిగతావాటిని ఒక్కొక్కటిగా లోపలేసి, కొట్టం మూల నక్కాడు.

గుర్నాథం మెల్లగా వచ్చి చివరి తడికను మూతితో నెట్టాడు. కదల్లేదు. "ఒకటి బయటే ఉందిగా! ఇక్కడో అర తెరిచి ఉండాలే!"

"నిన్నటి దాకా ఉండేది," అంటూ భైరిగాడు వాడి వెనక్కాలు పట్టేశాడు. గుర్నాథం గింజుకుని, కుంటుకుంటూ గుట్టెక్కి పారిపోయాడు.

భైరిగాడు కంప చాటున ముడుచుకున్న గొర్రెను తెచ్చి, అప్పుడు దానికో తడిక తీశాడు. పుల్లమ్మ పిల్ల మాత్రం తిరిగి రాలేదు.

నీతి: కదిలే మందను పాత లెక్కతో నమ్మకూడదు; ఎదుట నిలబడ్డవాళ్ళను చూసే తలుపు తియ్యాలి.