ఆస్బెస్టాస్ బిరుదు

ఎర్రగట్టు అనే చిన్న సంస్థానాన్ని ఒకానొక కాలంలో గజపతిరాయలు ఏలేవాడు. మనిషి మంచివాడే గాని, బిరుదుల పిచ్చి. అప్పటికే ముప్పై ఆరు ఉన్నాయి. సభలో అవన్నీ చదివి ముగించేసరికి, వచ్చినవాళ్ళు వచ్చిన పని మరిచిపోయేవారు.

ఆస్థాన పండితుడు కేశవాచార్యులు చెన్నపట్నంలో ఇంగ్లీషు చదివి వచ్చినవాడు. ఒకనాడు లావుపాటి నిఘంటువునూ ఒక తెల్లటి గుడ్డనూ పట్టుకుని సభకు వచ్చాడు.

“మహాప్రభూ! ఇంగ్లీషులో ‘ఆస్బెస్టాస్’ అని ఒక మాటుంది. ఆరనిది అని అర్థం. తమ కీర్తికి ఇంతకన్న తగిన బిరుదు లేదు.”

రాయలు ఉబ్బిపోయాడు. ఆచార్యులు మెల్లగా ఇంకో మాట కలిపాడు.

“అయితే ఆరనిది రాజ్యంలో ఒక్కటే ఉండాలి. కోట కింద సున్నపు బట్టీలు రేయింబవళ్ళు మండుతున్నాయి. బిరుదుకు అది తలవంపు కదా!”

నిజానికి ఆ బట్టీల పొగ ఆచార్యుల ఇంట్లోకి వెళ్తోంది. ఆ సంగతి ఆయన చెప్పలేదు.

మర్నాటి సాయంత్రానికి బట్టీలన్నీ ఆర్పెయ్యాలని చాటింపు వేశారు. ఇరవై కుటుంబాల పొయ్యి మీదికి వచ్చిందది. వాళ్ళందరికీ పెద్దదిక్కయిన ఓబుళమ్మ ఉన్నపళంగా సభకు వచ్చి చేతులు జోడించింది.

“సామీ, మంట మధ్యలో ఆర్పితే వేసిన రాయంతా పాడవుతుంది. మేమేం తిని బతకాలి?”

“నీళ్ళు పోస్తే ఏ మంటయినా ఆరుతుంది. ఆరని మంట ఒకటి చూపించు, బట్టీలు ఉంచుకోండి. చూపలేకపోతే ఊరు వదిలి పోవాలి” అన్నాడు ఆచార్యులు. రాయలు సరేనన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓబుళమ్మ ఒక గంపా, కడవెడు నీళ్ళూ తెచ్చింది. గంపలో చల్లటి తెల్లరాళ్ళు.

“ఇదా నీ మంట?” అని ఆచార్యులు పగలబడి నవ్వాడు.

ఓబుళమ్మ గంప కిందికి దించింది. రాళ్ళను అక్కడున్న ఇత్తడి గంగాళంలో వేసి నీళ్ళు కుమ్మరించింది. బుస్సుమని ఆవిరి లేచింది. రాళ్ళు పగిలి కుతకుత ఉడికాయి. దగ్గరికి వంగిన ఆచార్యులు కెవ్వుమని వెనక్కి గెంతాడు.

“కాల్చిన సున్నపురాయి సామీ. లోపల దాగిన మంట నీళ్ళు పడితేనే లేస్తుంది.”

ఆచార్యులు ఊరుకోలేదు. “ఇది కాదు ఆస్బెస్టాస్! ఇదిగో, రాతిలోంచి తీసిన నారతో నేసిన గుడ్డ” అంటూ నిఘంటువుతో పాటు తెచ్చిన తెల్లగుడ్డను కాగడా మీద పట్టాడు. అది కాలలేదు, కమలలేదు.

ఓబుళమ్మ బుగ్గన వేలేసుకుంది. “అంటుకుంటే కదా సామీ ఆరేది! అంటుకోని గుడ్డకు ఆరనిదని పేరెవరు పెడతారు? ఎక్కడో పొరపాటు జరిగుంటుంది. ఆ పుస్తకంలో ఇంకోసారి చూడండి.”

“చదవండి” అన్నాడు రాయలు.

ఆచార్యులు చదువుతూ చదువుతూ గొంతు తగ్గించాడు. “ఇది గ్రీకు మాట... మొదట... కాల్చిన సున్నానికి పేరు. నీళ్ళతో ఆరదు గనుక. తరవాత రోమాపురి పండితుడొకడు పొరపాటున రాతినారకు తగిలించాడు. ఇంగ్లీషువాళ్ళు అలాగే వాడుతున్నారు.”

సభంతా ముసిముసిగా నవ్వింది. రాయల ముఖం ఎర్రబడింది.

“అయితే నా కీర్తి అసలు అంటుకోనే లేదనా ఈ బిరుదుకు అర్థం?”

ఆచార్యులు నిఘంటువు మూసేశాడు. ఓబుళమ్మే ముందుకు వచ్చింది.

“గుడ్డ అర్థం వదిలెయ్యండి దొరా. పాత అర్థమే మీకు సరిపోతుంది. సున్నానికి నీటిచుక్క తగిలితే చాలు, బుసకొడుతుంది. ఒక్క గడియ ఓపిక పడితే వెన్నలా మెత్తబడి పదిమంది గోడలకు వెలుగిస్తుంది.”

రాయలు ఆమెను కొరకొరా చూశాడు. మరుక్షణం పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, “గడియ కూడా పట్టలేదు చూశావా!” అన్నాడు. చేతి కంకణం తీసి ఆమెకిచ్చాడు. చాటింపు రద్దయింది. కోట గోడలకు ఆ ఏటి సున్నమంతా ఆమె దగ్గరే కొనమన్నాడు.

“ఇంకేం కావాలో కోరుకో ఓబుళమ్మా!”

“సెలవిప్పించండి సామీ. బట్టీ దగ్గర మనిషి లేడు. చూసుకోకపోతే ఆరిపోతుంది” అంటూ ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని ఆమె గబగబా మెట్లు దిగింది.