సువార్తమ్మ సద్దికూడు

అనగనగా, నా బంగారు తల్లీ, సముద్రం ఒడ్డున ఉప్పు పండే ఊరు ఒకటి ఉండేది. అక్కడ వడ్లు పండవు, జొన్నలు పండవు. ఎటు చూసినా ఉప్పు మడులే. ఎండ పడితే ఎంత తెల్లగా మెరిసేవంటే, కళ్ళు చిట్లించుకోకుండా చూడలేం.

ఆ ఊళ్ళో సువార్తమ్మ అని ఒకామె ఉండేది. సువార్త అంటే తెలుసుగా? మంచి కబురు. పేరేమో అది, మనిషేమో వట్టి మొహమాటస్తురాలు. నలుగురి ముందు నోరు తెరవాలంటే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. ఆమె మొగుడు యోబు. ఇద్దరూ తెల్లారగానే మడుల్లోకి దిగి ఉప్పు లాగేవాళ్ళు.

ఊరి చివర తాటాకులు కప్పిన చిన్న ప్రార్థన మందిరం ఉండేది. ఆదివారం పూట పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరమ్మా?" అని అడిగేవారు. పక్కింటి సంపూర్ణమ్మ చటుక్కున లేచి, దేవుడు తనకి చేసిన మేలంతా గలగలా చెప్పేది. సువార్తమ్మ మాత్రం తల దించుకుని చాప పుల్లలు పీకుతూ కూచునేది.

అట్టా ఉండగా శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరు పండక్కి ముందు వస్తాయే, అవి. అప్పుడు అయ్యగారు అన్నారు, "ఈ పండగ లోపల ఒక్కొక్కరూ ఒక కొత్త మనిషికైనా ఏసయ్య సంగతి తెలియజెయ్యండి" అని.

అందరూ సరేనన్నారు. సువార్తమ్మకి మాత్రం గుండెలో రాయి పడింది. ఇంటికొచ్చి పొయ్యి దగ్గరే మోకరించింది. "ప్రభువా, నాకు మాటలు ఇవ్వకపోతివి. పోనీ, చేతులన్నా ఇచ్చావు గదా. వాటికేదైనా పని చెప్పు" అని అడిగింది.

ఆ తర్వాత ఏమయిందంటే, గాజుల మలారం భుజాన వేసుకుని ఖాసిం తాత అని ఒక ముసలాయన ఉప్పు మడుల గట్టు మీదుగా వచ్చాడు. కాళ్ళకి చెప్పుల్లేవు. మడమలు బీటలు వారి ఉన్నాయి. ఆ బీటల్లోకి ఉప్పు పోయి, అడుగు వేస్తే చాలు, "అబ్బా" అంటున్నాడు.

పుండు మీద ఉప్పు పడితే ఎట్టా ఉంటుందో సువార్తమ్మకి ఒకరు చెప్పాలా? ఆయన్ని మడుల పక్కనున్న పాక నీడలో కూచోబెట్టింది. ముంతతో మంచినీళ్ళు పోసి కాళ్ళు కడిగింది. ఇంటికి పరిగెత్తి ఆముదం తెచ్చి, బీటలకి రాసి, పాత చీర చింపి కట్టు కట్టింది.

"ఎవరి బిడ్డవో ఏమో తల్లీ, ఎందుకమ్మా నాకింత సేవ?" అన్నాడు తాత.

ఇదే కదా అదను! సువార్తమ్మ నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. ఆఖరికి, "ఎండగా ఉంది కదా తాతా" అంది. అంతే!

తాత దీవించి వెళ్ళిపోయాడు. సువార్తమ్మ నెత్తి కొట్టుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను కదా అని ఆ రోజంతా ఆమెకి అన్నం సయించలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి బాతులు మేపుకునే మొగుడూ పెళ్ళాలు వచ్చారు. పెళ్ళాం చిన్న వయసుదే; ఆ పిల్ల చంకలో నెలల బిడ్డ ఉంది. ఎండకి పెదాలు ఎండిపోయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆ బిడ్డకి.

ఆ ఊళ్ళో మంచినీళ్ళంటే బంగారమే. ఇసకలో చెలమ తవ్వి, ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడి తోడి కుండ నింపుకోవాలి. వేసవిలో ఒక్క కుండ నిండడానికి పూట పట్టేది. సువార్తమ్మ అప్పుడే నింపిన కుండని ఆ పిల్ల ముందు పెట్టేసింది. వాళ్ళు తాగారు, బిడ్డకి తాగించారు, ఒళ్ళు తుడిచారు. బిడ్డ కళ్ళు తెరిచి కేరుమంది.

సంపూర్ణమ్మ బుగ్గలు నొక్కుకుంది. "మన గొంతు తడవడానికే లేవు, ఊరూ పేరూ లేనివాళ్ళకి కుండ ఎత్తి ఇస్తావటే? రేపు నా కడవ దగ్గరికి రాకు మరి!"

"రాను లే వదినా" అంది సువార్తమ్మ. ఖాళీ కుండ చంకన పెట్టుకుని మళ్ళీ చెలమ దగ్గరికి పోయింది. పొద్దు వాలిందాకా అక్కడే కూచుంది. అంతకుముందు వాళ్ళు వెళ్ళేటప్పుడు కూడా ఆ పిల్లకి ఏసయ్య సంగతి చెప్పలేకపోయింది. బిడ్డకి దిష్టి తీసినట్టు చెయ్యి తిప్పి, నవ్వి పంపించింది.

ఇక మూడోది విను. కళ్ళు మూసుకునే విను, నేను చెబుతూనే ఉంటాగా.

ఆ వేసవిలో ఊళ్ళో కోళ్ళు పోతున్నాయి. నిన్న ఒకరింట్లో, ఇవాళ ఇంకొకరింట్లో. జనం మంచి కాకమీద ఉన్నారు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం సువార్తమ్మ మడిలోంచి పైకి వచ్చేసరికి పాక దగ్గర ఒకటే గోల.

ఏమిటంటే, పాకలో పెట్టిన ఆమె సద్దికుండ ఎవరో పరాయివాడు తీసి తింటున్నాడు. యోబు చూశాడు. పొద్దుటినించీ ఎండలో మాడి వచ్చిన మనిషి, ఆకలి మీద ఉన్నాడు. ఒళ్ళు మండిపోయింది. వాణ్ణి పట్టుకుని ఉప్పుబండి చక్రానికి మోకుతో కట్టేశాడు. మడుల కాపలా కోటిలింగం చేతికర్ర ఎత్తాడు. "కోళ్ళ దొంగ వీడే! నాలుగు తగిలిస్తే అన్నీ కక్కుతాడు!"

సువార్తమ్మ ఆ మనిషిని చూసింది. ఏ దేశంవాడో, తెలుగు రాదు. డొక్కలు లోపలికి పోయాయి. ఒక చేతికి ఇంకా మెతుకులు అంటుకుని ఉన్నాయి. చక్రానికి కట్టి ఉండి కూడా ఆ మెతుకులనే చూస్తున్నాడు తల్లీ.

అప్పుడు ఆమె గుంపులోకి తోసుకుంటూ వెళ్ళి కర్రకి అడ్డం నిలబడింది.

"ఆ కూడు నాది" అంది.

"నీదే. అందుకేగా వీడు దొంగ!" అన్నాడు కోటిలింగం.

"నాది నేను అతనికి ఇచ్చేశాను. ఇచ్చింది తింటే దొంగతనం ఎట్టా అవుద్దన్నా?"

జనం మొహమొహాలు చూసుకున్నారు. "ఎప్పుడిచ్చావే?" అని అరిచాడు యోబు.

"ఇప్పుడే ఇచ్చాను" అంది సువార్తమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. కోటిలింగం మాత్రం కర్ర దించలేదు. "ముక్కూ మొహం తెలియనివాడికి ఎందుకిస్తావమ్మా?"

ఇంతమంది కళ్ళు తన మీదే ఉన్నాయి. అయినా ఈసారి నాలుక అతుక్కోలేదు. "ఏసయ్యకి నేను మాత్రం ఏమవుతాను అన్నా? అమ్మానాన్నా లేనిదాన్ని, అందరూ తరిమినదాన్ని. నేను అడక్కముందే నాకు ప్రాణం ఇచ్చాడాయన. నేను ఒక ముద్ద ఇవ్వలేనా? కొట్టాలనుకుంటే ముందు నన్ను కొట్టు."

కోటిలింగం కర్ర మెల్లగా కిందికి దిగింది. యోబు వచ్చి మోకు ముడి తనే విప్పాడు. ఆ మనిషి మణికట్టు మీద ఎర్రగా పడ్డ వాతలు చూసి తల వంచుకున్నాడు.

"కుండలో ఏమన్నా మిగిలిందా? ఉంటే మా ఇద్దరికీ పెట్టు" అన్నాడు.

పెట్టింది. అది ఎవరికి చాలుతుంది? ఆ తర్వాత చూడు, సంపూర్ణమ్మ గబగబా ఇంటికి పోయి, తన సద్దీ, ఉల్లిపాయా, కడివెడు నీళ్ళూ తెచ్చి ముందు పెట్టింది. "తినవయ్యా, తిను" అంది. ఆ మాట అర్థం కాకపోయినా అతను కడుపు నిండా తిన్నాడు. కోళ్ళని ఎత్తుకుపోతున్నది నక్క అని తర్వాతెప్పుడో తెలిసిందిలే.

పొద్దు వాలాక అతను బయల్దేరాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, "జత్రూ, జత్రూ" అన్నాడు. తర్వాత కుండ వైపు, సువార్తమ్మ వైపు చూపించి, కళ్ళెగరేశాడు.

ఎవరు ఇమ్మన్నారని అడుగుతున్నాడేమో అనుకుంది సువార్తమ్మ. "ఏసు" అంది.

అతని మొహం వెలిగిపోయింది. ఆమెకి రెండు చేతులూ జోడించి, "ఏసూ, ఏసూ" అని పిలిచాడు. మరచిపోకుండా ఉండాలన్నట్టు ఆ పేరే పలుక్కుంటూ గట్టు మీద నడిచి పోయాడు.

సువార్తమ్మ గాభరా పడిపోయింది. "అయ్యో వదినా, జత్రు అని తన పేరు చెప్పి నా పేరు అడిగాడు కాబోలు, అది నా పేరనుకున్నాడు! ఎంత తప్పు! పిలిచి చెప్పొస్తానుండు."

సంపూర్ణమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీవే. ఏసయ్యేమీ అనుకోడులే."

చందమామ మబ్బులోకి,
చేపపిల్ల నీళ్ళలోకి,
కథేమో కంచి దారిలోకి,
మనమేమో కమ్మని నిద్దర్లోకి.